నాన్న నోటు పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించాలి, డిజిటల్ పెన్ను కొనొచ్చా?

కోనసీమ_కుర్రోడు
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. అమలాపురం దగ్గర ఊళ్లో అమ్మా ఆయనా ఉంటారు, నేను కూకట్‌పల్లిలో. ఉద్యోగం అయిపోయాక ఊరి చరిత్ర రాస్తానని కూర్చున్నారు. పెద్దవాళ్ల అరుగుల మీదికి వెళ్లి ఏ కాలవ ఎప్పుడు తవ్వారు, ఏ చేనుకి ఆ పేరెందుకొచ్చింది, 1996 నవంబరు తుపాను రాత్రి ఎవరింట్లో ఎవరు తలదాచుకున్నారు, ఇలాంటివన్నీ అడిగి పొడుగు నోటు పుస్తకాల్లో రాసుకుంటారు. ఆ పుస్తకాలతో బీరువా అడుగు అర నిండిపోయింది. మొన్న వెళ్లినప్పుడు చూస్తే ఒకదాని అట్టకి చెద పట్టింది. అప్పట్నుంచి నాకు టెన్షన్.

టైపింగ్ నేర్పిస్తానన్నాను, ఆ మీటల ముందు కూర్చుంటే వాక్యం రాదురా అన్నారు. ట్యాబ్ కొనిచ్చాను, దాంట్లో మనవరాలు కార్టూన్లు చూసుకుంటోంది. ఈ మధ్య యూట్యూబ్‌లో డిజిటల్ పెన్నుల వీడియోలు చూశాను. కాగితం మీద మామూలుగా రాసుకుంటూ పోతే అదే రాత ఫోన్లోనో కంప్యూటర్లోనో పడుతుందట, తర్వాత ఒక బటన్ నొక్కితే టైపు అక్షరాలు అయిపోతుందట. తెలుగుకి ఇది నిజంగా పనిచేస్తుందా? వాడినవాళ్లు చెప్పండి. బడ్జెట్ పదిహేను వేలు, కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు.

డాలస్_బావ
అసలు మాట ముందే చెప్పేస్తా తమ్ముడూ. బీరువాలో ఉన్న పుస్తకాలకి ఏ పెన్నూ పనికిరాదు. ఈ పెన్ను తను రాసిందే గుర్తుపెట్టుకుంటుంది, కొన్న రోజు నుంచి రాసేవే ఎక్కుతాయి. పాతవాటికి స్కానింగే దిక్కు. చెద పట్టిందన్నావు కాబట్టి పెన్ను సంగతి తర్వాత, ముందు ఆ పని చూడు.

ఇక పెన్ను. నేను ఎమ్మెస్ చదివేటప్పుడు లైవ్‌స్క్రైబ్ ఎకో కొన్నాను, 2010లో వచ్చిన మోడలు అది, అప్పట్లో 170 డాలర్లు. దాన్ని కొన్నది టైపు అక్షరాల కోసం కాదు, రికార్డింగ్ కోసం. పెన్నులోనే మైకు, స్పీకరు ఉంటాయి. నోట్‌బుక్ పేజీ అడుగున రికార్డ్, పాజ్, స్టాప్ అని అచ్చేసిన బటన్లుంటాయి, పెన్ను మొనతో రికార్డ్ అన్న బొమ్మ మీద తాకితే రికార్డింగ్ మొదలు. ప్రొఫెసర్ చెప్తుంటే నువ్వు రాసుకుంటూ పోతావు. ఇంటికొచ్చాక ఏదో ఒక మాట అర్థం కాలేదనుకో, కాగితం మీద ఆ మాటని పెన్నుతో తాకితే అది రాసిన క్షణంలో ఆయన ఏం మాట్లాడుతున్నాడో అక్కడి నుంచి వినపడుతుంది. మొదటిసారి విన్నప్పుడు మా రూమ్మేట్లందరూ దాని చుట్టూ మూగారు. దాంట్లో ఇంకో సరదా ఉంది, కాగితం మీద తొమ్మిది నిలువు గీతలు, రెండు అడ్డగీతలు గీస్తే అది పియానో అయిపోతుంది, గీతల మధ్య తాకితే స్వరాలు పలుకుతాయి. పనికొచ్చేదేం కాదులే, చెప్పాలనిపించింది.

చుక్కలలెక్క
వీడియోల్లో చూపించేవన్నీ ఒకే రకం పెన్నులు కావు, కొనేముందు ఇది తెలుసుకోవాలి. నాకు తెలిసి మూడు పద్ధతులున్నాయి.

మొదటిది చుక్కల కాగితం. స్వీడన్‌లో లుండ్ అనే ఊళ్లో 1990ల చివర్లో ఆనోటో అనే కంపెనీ తయారుచేసింది. ఆ కాగితం దూరం నుంచి కొంచెం బూడిద రంగుగా కనిపిస్తుంది, భూతద్దం పెడితే సన్నటి చుక్కలు. చుక్కకీ చుక్కకీ మధ్య దూరం సుమారు 0.3 మిల్లీమీటర్లు. కంటికి కనపడని ఒక గళ్ల వరస ఉందనుకోండి, ప్రతి చుక్కనీ ఆ గళ్ల కూడలిలో సరిగ్గా పెట్టకుండా కాస్త పైకో, కిందకో, ఎడమకో, కుడికో జరిపి అచ్చేస్తారు. నాలుగు దిక్కులు కాబట్టి ఒక్కో చుక్కకి రెండు బిట్ల సమాచారం (బిట్ అంటే సున్నా లేదా ఒకటి). ఆరు వరసల్లో ఆరేసి, మొత్తం 36 చుక్కలు చూస్తే 72 బిట్లు, అంటే ఆ చిన్న ముక్క అమరిక వేరే నంబరున్న ఏ పేజీ మీదా రాదు, ప్రతి ఇంటికీ వేరే డోరు నంబరు ఉన్నట్టు. పెన్ను మొన పక్కన ఒక బుల్లి ఇన్‌ఫ్రారెడ్ (మన కంటికి కనపడని వెలుగుతో చూసే) కెమెరా ఉంటుంది, సెకనుకి 70కి పైగా ఫొటోలు తీస్తూ నేనిప్పుడు ఏ పేజీలో ఎక్కడున్నాను అని లెక్కేసుకుంటూ పోతుంది. మీరు రాసిన ఇంకుని అది చూడదు, కింద చుక్కల్నే చూస్తుంది. లాజిటెక్ అయో 2002లో వచ్చింది ఈ పద్ధతిలోనే, డాలస్ బావ గారి పెన్నూ అంతే. తర్వాత 2015లో ఆ లైవ్‌స్క్రైబ్ కంపెనీని ఆనోటోయే కొనేసింది. కొరియా వాళ్ల నియో స్మార్ట్‌పెన్‌దీ చుక్కల పద్ధతే గానీ చుక్కల అమరిక వేరు, ఒకరి కాగితం ఇంకొకరి పెన్నుకి అర్థం కాదు.

రెండోది కాగితం పైన క్లిప్పు పెట్టే రకం. పెన్ను అల్ట్రాసౌండ్ (చెవికి వినపడని శబ్దం), ఇన్‌ఫ్రారెడ్ రెండూ వదులుతుంది, ఏది ఎప్పుడు చేరిందో చూసి మొన ఎక్కడుందో క్లిప్పు లెక్కేస్తుంది. వాకమ్ ఇంక్‌లింగ్ 2011లో వచ్చింది ఇలాగే.

మూడోది కాగితం కింద పలక. పలకలో అయస్కాంత క్షేత్రంతో పనిచేసే తీగలుంటాయి, వాకమ్ బ్యాంబూ స్లేట్ లాంటివి. దీనికి ఏ కాగితమైనా సరిపోతుంది, కానీ పలక తోడు లేకుండా పెన్ను ఒక్కటీ రాస్తే ఏమీ ఎక్కదు.

ఎడమచేతివాటం
క్లిప్పు రకం నేను వాడాను. కంపెనీ పేరు వద్దులెండి. నాది పేరులోనే ఉంది కదా, ఎడమ చెయ్యి. క్లిప్పుకీ పెన్ను మొనకీ మధ్య నా చెయ్యే అడ్డం వచ్చేది, గీత మధ్యలో తెగేది. కాగితం కొంచెం కదిలిందా, కింద సగం రాత పక్కకి పోయినట్టే. అన్నిటికంటే చిరాకు ఏంటంటే పేజీ తిప్పినప్పుడు క్లిప్పు మీద బటన్ నొక్కాలి, మర్చిపోతే కొత్త పేజీ రాత పాత పేజీ మీద ఎక్కి కూర్చుంటుంది. రెండు పేజీలు కలిసిపోయాక విడదీయడం ఎవరి తరమూ కాదు. పెద్దాయనకి మాత్రం ఇది ఇవ్వకండి.

గ్రూప్స్_గోల
ఇది చదివేవాళ్లలో పరీక్షలు రాసేవాళ్లుంటే ఒక మాట. నీట్ లాంటి వాటికి వెళ్లేటప్పుడు ఎలక్ట్రానిక్ పెన్ను, స్కానర్ నిషిద్ధ వస్తువుల జాబితాలోనే ఉంటాయి. మామూలు పెన్నే కదా అని జేబులో పెట్టుకుని గేటు దాకా వెళ్లొద్దు. మా రూములో ఒకడు మెయిన్స్ ప్రాక్టీసుకని తెప్పించాడు, రాసిన జవాబులు ఫోన్లో దాచుకోవచ్చని. పెన్ను లావుగా ఉండి మూడు గంటలు రాసేసరికి వేళ్లు పీకుతున్నాయని పక్కన పడేసి మళ్లీ పది రూపాయల జెల్ పెన్నుకే వచ్చాడు. అసలు పరీక్షలో ఏ పెన్నుతో రాయాలో దాంతోనే ప్రాక్టీసు చెయ్యడం మంచిదని నేనూ అంటాను.

పీజీ_డాక్టరమ్మ
నేను రౌండ్స్‌లో చుక్కల కాగితం పెన్నే వాడుతున్నాను. ఇంగ్లీషు రాత బాగానే టైపులోకి మారుస్తుంది, మందుల పేర్లు, పొట్టి రాతలు తప్ప. డోసు అంకె తప్పుగా మారితే ప్రమాదం కాబట్టి మారిన టైపుని నేను నమ్మను, నా రాత బొమ్మనే చూసుకుంటాను. వెతుక్కోడానికి మాత్రం టైపు ఉపయోగం. పేషెంట్ల పేర్లు రాయను, అక్షరం ఒకటి, మంచం నంబరు, అంతే. ఎందుకంటే ఆ పేజీలు నా ఫోన్లోనే ఉండవు, కంపెనీ సర్వరుకీ వెళ్తాయి.

కోనసీమ గారూ, మీ నాన్నగారు రాసేది వేరేవాళ్ల కుటుంబాల సంగతులు కూడా కదా, పొలం తగాదాలు, పెళ్లి సంగతులు వస్తాయి. సింక్ ఎక్కడికి అవుతుందో చూసుకోండి.

కోనసీమ_కుర్రోడు
అందరికీ థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రెండు అడ్డంకులు కనపడుతున్నాయి. ఒకటి, నాన్న రాజమండ్రి రత్నం పెన్ను తప్ప ముట్టుకోరు. ఇంకు పోసుకుని, పాళీ కడుక్కుని, అదో పూజ ఆయనకి. రెండోది, ఆయన రాత సగం గొలుసుకట్టు. వాళ్ల నాన్న కరణీకం చేసేవారు, ఆయన దగ్గర నేర్చుకున్న చెయ్యి. అచ్చు అక్షరంలా రాయమంటే రాస్తారు గానీ పేజీ సగానికొచ్చేసరికి చెయ్యి ఎత్తడం మానేస్తారు. ఇంగ్లీషు సంగతి డాక్టరమ్మ గారు చెప్పారు, తెలుగు టైపులోకి మారడం గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. అవుతుందా అవదా?

చుక్కలలెక్క
గట్టిగానే చెప్తాను. ఒక్కో మాట నిదానంగా రాస్తే అవుతుంది, పుస్తకం మొత్తం ఆశించకండి.

ఫోన్లో జీబోర్డ్‌లో, అదే గూగుల్ కీబోర్డ్‌లో, తెలుగు చేతిరాత పెట్టుకుని వేలితో రాసి చూడండి, ఒక్కో మాటకి బాగానే పట్టుకుంటుంది. 2015లో గూగుల్ చేతిరాత కీబోర్డ్ విడిగా వదిలినప్పుడు 82 భాషలుండేవి. అది పట్టుకోడానికి కారణం ఉంది. స్క్రీన్ మీదైనా, డిజిటల్ పెన్నుతోనైనా రాసేటప్పుడు కంప్యూటర్‌కి గీతల వరస తెలుస్తుంది, ఏ గీత ముందు, ఏది తర్వాత, చెయ్యి ఎక్కడ ఎత్తారు. ఫొటోలో అవేమీ ఉండవు, ఇంకు మరక ఒక్కటే ఉంటుంది. అందుకే స్కాన్ చేసిన చేతిరాత చదవడం ఇంకా కష్టం.

తెలుగుతో చిక్కు ఎక్కడంటే, అక్షరం రాసి, గుణింతం పెట్టి, కిందకెళ్లి ఒత్తు రాసి, మళ్లీ పైకొస్తాం. కొందరు మాటంతా రాసేసి తలకట్లు ఆఖర్న వరసగా కొట్టుకుంటూ వస్తారు. ప-వ, మ-య, ద-ధ, బ-భ, వీటి మధ్య తేడా ఒక్క చిన్న గీత. ఇంగ్లీషులో ఇరవయ్యారు అక్షరాలు పెద్దవీ చిన్నవీ కలిపి నేర్పితే సరిపోయింది, ఇక్కడ గుణింతాలూ ఒత్తులూ కలిస్తే వందల రూపాలు.

పని జరగలేదని కాదు. బెంగళూరులో హెచ్‌పీ ల్యాబ్స్ వాళ్లు తెలుగువాళ్ల చేత ఎలక్ట్రానిక్ పలక మీద విడి అక్షరాలు రాయించి ఆ డేటా పరిశోధకులకి ఇచ్చారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2018లో చేతిరాత తెలుగు పదాల బొమ్మలు లక్షకు పైగా పోగుచేశారు. లక్ష అంటే గొప్పగానే ఉంటుంది, కానీ రాసినవాళ్లు పదకొండు మంది. ఆ పదకొండు మందిలో కరణం గారి అబ్బాయి గొలుసుకట్టు ఉంటుందని నేననుకోను.

కోనసీమ_కుర్రోడు
చేసి చూశాను. నాన్న రాసిన పేజీ ఒకటి అమ్మ చేత ఫొటో తీయించి, చేతిరాత చదువుతుందన్న ఒక యాప్‌లో పెట్టాను. తుపాను గురించి రాసిన భాగం, నాన్న కుదురుగా రాసిన పేజీయే ఎంచుకున్నాం. ఆయన రాసింది: "తెల్లారేసరికి కొబ్బరి చెట్లన్నీ ఒకే పక్కకి పడుకున్నాయి." యాప్ ఇచ్చింది: "తెలారేసరికి కొబరి చెటనీ ఒకే వకకి వడుకునాయి." ఒత్తు అన్నది ఒక్కటి కూడా మిగల్లేదు, ప కాస్తా వ అయిపోయింది. ఇది మంచి పేజీ. గొలుసుకట్టు పేజీ పెడితే ఏదో కన్నడంలాంటిది, మధ్యలో అంకెలు వచ్చాయి.

నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. "మూడో తరగతిలో వీడికి రెండు దెబ్బలు పడేవి" అన్నారు.

డీటీపీ_పాతకాపు
మాస్టారి మాట నిజం. విజయవాడలో చాలాకాలంగా డీటీపీ, అంటే కంప్యూటర్లో టైపు కొట్టి అచ్చుకి పేజీలు కూర్చే పని చేస్తున్నాను, రచయితల రాతప్రతులు చదవడమే నా కూడు. బాబూ, "చెటనీ" ని "చెట్లన్నీ" గా దిద్దడానికి పట్టే టైములో నేను ఆ లైను మొదటి నుంచి కొట్టేస్తాను. తప్పుల తడక ఇచ్చి దిద్దమంటే ఆపరేటరు ఎవడూ ఒప్పుకోడు, కొత్తగా కొట్టమంటే సంతోషంగా కొడతాడు. మీరు టైపు కావాలంటే పేజీలు శుభ్రంగా స్కాన్ చేసి ఆపరేటర్‌కి పంపండి. ఒక్కటి గట్టిగా చెప్పుకోండి, యూనికోడ్‌లో కావాలని, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా తెలుగుగా కనపడే, వెతకడానికి వీలయ్యే పద్ధతిలో. మావాళ్లు అలవాటుగా అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కొట్టేస్తారు, పుస్తకం అచ్చేయడానికి బాగుంటుంది, రేపు మీరు ఒక ఊరిపేరు వెతుకుదామంటే దొరకదు.

ఇంకో దారి, మాస్టారి గొంతు బాగుంటే ఆయన పుస్తకం ఆయన్నే చదవమనండి. ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచి ఉంది. మాస్టార్లు చదివే తీరుకి అది బాగా పడుతుంది, ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది కదా. ఫుల్‌స్టాపులు, ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు మనం చూసుకోవాలి. ఇంటిపేర్లని మాత్రం అది ఎలా పడితే అలా రాస్తుంది.

స్టైలస్_స్వామి
ఇంత తతంగం ఎందుకో నాకర్థం కాదు. పెద్ద స్క్రీన్ ట్యాబ్, దాని మీద రాసే స్టైలస్ పెన్ను కొనివ్వండి, అయిపోతుంది. శాంసంగ్ ఎస్ పెన్‌కి రాయడానికి ఛార్జింగ్ కూడా అక్కర్లేదు, 2011లో మొదటి నోట్ ఫోన్ నుంచీ ఉన్న టెక్నాలజీ. మరీ కాగితంలా కావాలంటే నార్వే వాళ్ల రిమార్కబుల్ ఉంది, ఎలక్ట్రానిక్ ఇంకు స్క్రీను, కంటికి ఒత్తిడి ఉండదు. చుక్కల కాగితం అయిపోతే కోనసీమలో ఎక్కడ దొరుకుతుంది? కాగితం కోసం కంపెనీ మీద ఆధారపడటం కంటే ఇది నయం.

డాలస్_బావ
స్వామీ, మొదటి పోస్టు చదివారా? ఆ ట్యాబ్ మనవరాలి చేతిలో ఉంది. రత్నం పెన్ను వదలని మనిషికి అద్దం మీద రాయమని చెప్పేవాడెవడు.

స్టైలస్_స్వామి
చదివాను బావ గారూ. రత్నం పెన్ను వదలని మనిషి బ్యాటరీ పెన్ను మాత్రం ఎందుకు పట్టుకుంటారు? ఇంకు పోసుకునే రకం డిజిటల్ పెన్ను ఎక్కడైనా ఉందా? నేను చెప్పేది కూడా అదే, మార్పు ఎలాగూ తప్పదు, ఆ మారేదేదో మంచిదానికే మారమంటున్నా. కాగితం తడుస్తుంది, చెద పడుతుంది.

పీజీ_డాక్టరమ్మ
స్వామి గారి మాటలో సగం నిజం ఉంది. కానీ బ్యాటరీ లేకపోయినా కాగితం మీద ఇంకు ఉంటుంది, అందుకే నేను పెన్నుతో ఉన్నాను. నా పెన్ను ఒకసారి రౌండ్స్ మధ్యలో ఆగిపోయింది, మామూలు బాల్ పెన్నుతో అదే పుస్తకంలో రాసుకుంటూ పోయాను, ఆ పేజీకి ఫొటో తీసుకున్నాను. ట్యాబ్ ఆగితే చేతులు కట్టుకుని నిలబడాలి.

మధ్యలో ఎవరైనా చెరిపేసే పుస్తకాలు చెప్పేలోపు నేనే చెప్తాను. రాకెట్‌బుక్ లాంటివి, ఫోన్ కెమెరాతో పేజీ తీసి తర్వాత తడిగుడ్డతో తుడిచేసుకునేవి. వాటికి వాడే పైలట్ ఫ్రిక్షన్ ఇంకు 60 డిగ్రీల వేడికి మాయమైపోతుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డ్ మీద పుస్తకం పెట్టి వెళ్తే తెల్ల కాగితాలే మిగులుతాయి, మళ్లీ రావాలంటే ఫ్రీజర్‌లో పెట్టాలి. చదువుకునే పిల్లలకి బాగుంటుందేమో గానీ ఊరి చరిత్రకి వద్దు.

జిరాక్స్_షాపు
ఈ చుక్కల కాగితం మనం ప్రింట్ తీసుకోవచ్చని విన్నాను, నిజమేనా? మాది అమలాపురంలోనే. ఒకాయన అలాంటి కాగితం తెచ్చి యాభై కాపీలు జిరాక్స్ తియ్యమన్నాడు, తీసిచ్చా, తర్వాత వచ్చి పనిచెయ్యలేదని గొడవ. కాపీ నల్లగా చక్కగానే వచ్చింది మరి.

చుక్కలలెక్క
జిరాక్స్ పనిచెయ్యదు సార్, మీ మెషీను లోపం కాదు. ఒకటి, చుక్క జరిగిన దూరంలోనే సమాచారం ఉంది, కాపీలో ఆ సన్నటి తేడా చెరిగిపోతుంది. రెండోది, ఒకవేళ అచ్చు గుద్దినట్టు వచ్చినా యాభై కాగితాలకీ ఒకే పేజీ నంబరు ఉంటుంది కదా, యాభై పేజీల రాతా కంప్యూటర్లో ఒకే పేజీ మీద పడుతుంది. కొన్న నోట్‌బుక్కుల్లోనూ ఈ సంగతి ఉంది. లైవ్‌స్క్రైబ్ పుస్తకాలకి 1, 2, 3, 4 అని నంబర్లుంటాయి. 1 నంబరు పుస్తకం అయిపోయి మళ్లీ 1 నంబరుదే కొంటే, పాతదాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఆర్కైవ్ చేశాకే మొదలుపెట్టాలి.

ప్రింట్ మాత్రం తీసుకోవచ్చు. లైవ్‌స్క్రైబ్ డెస్క్‌టాప్‌లో ఆ సదుపాయం ఉండేది, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు అచ్చేసే) కలర్ లేజర్ ప్రింటర్ కావాలి. నియో వాళ్లు పీడీఎఫ్ ఇస్తారు. లేజరే ఎందుకంటే టోనర్ నలుపులో కార్బన్ ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి అదే నల్లగా కనిపిస్తుంది. మామూలు ఇంక్‌జెట్ రంగు మన కంటికి నలుపే, కెమెరాకి తెల్ల కాగితమే. గీతలు, మార్జిన్లు ఆ కార్బన్ నలుపుతో వేస్తే చుక్కల్ని కప్పేస్తాయి, అందుకే వాటిని రంగుల మిశ్రమంతో వేస్తారు, కలర్ ప్రింటర్ అడిగేది అందుకే. ప్రింట్ ఇచ్చేటప్పుడు "ఫిట్ టు పేజ్" టిక్కు తీసెయ్యండి, సైజు ఒక శాతం తగ్గినా చుక్కల మధ్య దూరం మారుతుంది.

రీఫిల్ విషయంలోనూ ఇదే లెక్క. కార్బన్ ఉన్న నల్ల ఇంకు రీఫిల్ వేస్తే మీ రాతే చుక్కల్ని దాచేస్తుంది. నియోకి పట్టేది డీ1 సైజు సన్న రీఫిల్, నాలుగు రంగుల పెన్నుల్లో ఉండే రకం. ఇంకు కొంచెమే ఉంటుంది, రోజూ పేజీలకి పేజీలు రాసేవారికి త్వరగా అయిపోతుంది. పెన్నుతోపాటే డజను తెప్పించుకోండి.

ఎడమచేతివాటం
పెన్ను ఏదైనా కొనండి, ఫైలు ఏ రూపంలో బయటికి వస్తుందో మాత్రం కొనేముందు చూడండి. నా పాత పెన్ను సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద ఎక్కలేదు, కంపెనీ వెబ్‌సైటు కూడా లేదు ఇప్పుడు. దాని సొంత ఫార్మాట్‌లో దాచిన నోట్స్ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి, తెరిచే దిక్కు లేదు. గీతలు దాచడానికి ఇంక్‌ఎమ్ఎల్ అని ఒక పద్ధతి 2011లోనే అందరి కోసం ఖాయం చేశారు, దాన్ని పట్టించుకున్న కంపెనీలు తక్కువ. ఏ నెలకానెల పీడీఎఫ్ తీసి పెన్‌డ్రైవ్‌లో పడేసుకోవాలి. ఆడియో ఉంటే అది కూడా విడిగా.

మోడరేటర్
ఏది ఎక్కడ చవక, ఎవరి దగ్గర పాత పెన్ను అమ్మకానికి ఉంది అన్నవి అమ్మకాల విభాగంలో పెట్టండి. ఫోన్ నంబర్లు ఇక్కడ వద్దు, రెండు పోస్టులు తీసేశాను.

డాలస్_బావ
తమ్ముడూ, నాకొకటి తోస్తోంది. టైపు సంగతి తేలిపోయింది, పాతకాపు గారి లాంటి వాళ్లే గతి. అలాగని పెన్ను వద్దని నేననను. మీ నాన్నగారు రెండు రకాలుగా రాస్తారు కదా. అరుగుల మీద కూర్చుని వింటూ రాసుకునేది ఒకటి, ఇంటికొచ్చి తీరిగ్గా కూర్చి రాసేది ఇంకొకటి. రెండోదానికి రత్నం పెన్నే ఉంచండి, ఆ పూజ ఆయన్ని చేసుకోనివ్వండి. మొదటిదానికి రికార్డింగ్ ఉన్న పెన్ను ఇవ్వండి. ఆయన రాసుకునేది నాలుగు ముక్కలే, "సూరమ్మ చెరువు, గండి, రెండో రోజు" అని. తర్వాత ఆ "గండి" మీద తాకితే ఆ ముసలావిడ గొంతు, ఆవిడ యాసలో, ఆవిడ చెప్పిన తీరు వినపడుతుంది. ఆ గొంతు మళ్లీ రాదు కదా. ఫోన్లో రికార్డ్ చెయ్యొచ్చు అంటారు, నిజమే, కానీ గంటన్నర రికార్డింగ్‌లో గండి ఎక్కడ పడిందో వెతకడానికి ఇంకో గంటన్నర.

డీటీపీ_పాతకాపు
ఇది మంచి మాట. పాత రచయితల పేజీలు కొట్టేటప్పుడు ఒక్కో మాట దగ్గర ఆగిపోతాను, ఇది ఊరిపేరా, మనిషిపేరా అని. అలా తాకి వినే వీలుంటే సగం ఫోన్లు తగ్గుతాయి. చెప్పేవాళ్లకి మాత్రం ముందే చెప్పండి మాస్టారూ, పెన్ను వింటోందని. తెలియకుండా రికార్డ్ చేస్తే రేపు ఊళ్లో మాట పడాలి.

గ్రూప్స్_గోల
పెన్ను వింటోందని తెలిస్తే పొలం తగాదాల సంగతి ఎవరూ చెప్పరు అంకుల్ 😄

కోనసీమ_కుర్రోడు
నాన్నతో మాట్లాడాను. పెన్ను లావుగా ఉంటుందని చెప్తే రత్నం పెన్ను మాత్రం సన్నగా ఉందా అన్నారు, అది పాయింటే. రికార్డింగ్ సంగతి చెప్పేసరికి లేచి కూర్చున్నారు. మా ఊళ్లో తుపాను రాత్రి గుడి మండపంలో ఉన్నవాళ్లలో ఇద్దరే మిగిలారట, ఒకావిడకి మాట తడబడటం మొదలైందట, ముందు ఆవిడ దగ్గరికి వెళ్తానంటున్నారు. పెన్ను వచ్చేదాకా ఆగొద్దు, ఫోన్లో రికార్డ్ చెయ్యండి, ఏ నిమిషంలో ఏం చెప్పారో పక్కన రాసుకోండి అన్నాను. ఆవిణ్ణి అడిగాకే చేస్తానన్నారు.

ప్లాన్ ఇదీ. సెలవు పెట్టి వెళ్లి పాత పుస్తకాలన్నీ స్కాన్ చేస్తాను. స్టాండ్‌కి ఫోన్ బిగించి పైనుంచి తియ్యడం మేలా, షాపులో స్కానర్ మేలా? కుట్లు గట్టిగా ఉన్నాయి, పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. కుట్లు విప్పి ఇమ్మంటే నాన్న ఒప్పుకోరు. టైపుకి పాతకాపు గారికి విడిగా మెసేజ్ పెట్టాను. పెన్ను డాలస్ నుంచి వచ్చేవాళ్లతో తెప్పించాలా, ఇక్కడే ఆన్‌లైన్‌లో కొనాలా అన్నది చూస్తున్నాను. చుక్కల కాగితం ఇక్కడ ప్రింట్ తీసుకునే వీలున్న పెన్నే తీసుకుంటాను.

చుక్కలలెక్క
పైనుంచి తియ్యడమే మేలు. షాపు స్కానర్‌లో బోర్లా పెట్టి నొక్కితే కుట్లు ఊడతాయి. పుస్తకాన్ని తొంభై డిగ్రీలే తెరిచి, ఒక అట్టని గోడకి ఆనించి, ముందు కుడి పేజీలన్నీ, తర్వాత ఎడమ పేజీలన్నీ తియ్యండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన పగటి వెలుగు చాలు. ప్రతి పుస్తకం మొదట్లో ఒక చీటీ మీద నంబరు రాసి ఫొటో తీసుకోండి, తర్వాత ఏ పేజీ ఏ పుస్తకానిదో తెలియాలి. చెద పట్టిన పుస్తకాన్ని మిగతావాటి నుంచి ఇవాళే వేరుచెయ్యమని అమ్మగారికి ఫోన్ చెయ్యండి, మీరు వెళ్లేదాకా ఆగొద్దు.

జిరాక్స్_షాపు
సార్ మీరు మన ఏరియానే అని ఇప్పుడు చూశా. నా దగ్గర కలర్ లేజర్ ఉంది, 600 కాదు 1200 కూడా వస్తుంది. ముందు రెండు షీట్లు తీసిస్తా, మీ పెన్ను చదివితేనే మిగతావి. ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెండి, వాట్సాప్‌లో ఫొటోగా మాత్రం పంపకండి. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి కట్టేస్తాం.